నిదానం తయారయ్యే తీరు

అనంతపురం మనిషికి కోపమెందుకు ఎక్కువ అని అడిగితే కొందరు ఎండ అంటారు, కొందరు ఎండుమిరపకాయ అంటారు. సినిమావాళ్లు రక్తం అంటారు. అసలు ఎక్కువేనా అని మాత్రం ఎవరూ అడగరు.

నాకు అంతకంటే పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది. వచ్చిన కోపం చేతిదాకా రాకుండా ఎలా ఆగుతోంది? బోరు నీళ్ల వంతు దగ్గర, రేషన్ షాపు వరసలో, పొలం గట్టు మీద పుట్టే గొడవలు చాలావరకు మాటలతోనే పోతాయి. ఆ ఆపడంలో మెదడుకు సాయపడే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. దాని తయారీ ఎర్రనేలలో మొదలవుతుంది. రోలు, పేగు, కాలేయం, నెత్తురు దాటుకుని మెదడు కాండంలో పూర్తవుతుంది. దారిపొడుగునా తరుగే. ఆ తరుగు లెక్క చూస్తే తప్ప, ఫలానాది తింటే కోపం తగ్గుతుందని చెప్పేవాళ్ల మాటలో పస ఎంతో తెలియదు.

చేను, రోలు

జూన్ ఆఖర్లోనో జూలైలోనో నేల పదునయ్యే వాన ఒకటి పడితే శెనక్కాయ విత్తుతారు. కదిరి పరిశోధనా స్థానం ఇచ్చిన కే-6 రకం ఏళ్ల తరబడి ఇక్కడి చేలను ఏలింది. తర్వాత కదిరి లేపాక్షి వచ్చి చేరింది. సాలుకు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా ఊడలు దిగే వారాల్లో పడితేనే లెక్క. ఊడ గట్టినేలలోకి దిగలేకపోతే పూత ఎంత విరగబూసినా కాయ ఉండదు.

పైన ఈ తంటా నడుస్తుండగా వేర్ల మీది బుడిపెల్లో రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి, మొక్క వాడుకోగల రూపంలోకి మారుస్తుంటుంది. ఆ నత్రజనితో మొక్క మాంసకృత్తులకు కావలసిన 20 రకాల అమైనో ఆమ్లాలనూ కట్టుకుంటుంది. వాటన్నిటిలో బరువైనది, కట్టడానికి ఖర్చు ఎక్కువైనది ట్రిప్టోఫాన్. రెండు వలయాలు అతుక్కుని ఉండే ఇండోల్ భాగం దాని ప్రత్యేకత. మొక్కలు, సూక్ష్మజీవులు ఆ జంట వలయాన్ని కట్టగలవు. మనిషి ఒళ్లు కట్టలేదు. సెరటోనిన్‌కు ముడిసరుకు అదొక్కటే కాబట్టి తిండిలోంచే తెచ్చుకోవాలి. 1901లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాప్కిన్స్, సిడ్నీ కోల్ దాన్ని పాలలోని కేసీన్ నుంచి మొదటిసారి వేరుచేశారు.

వంద గ్రాముల శెనక్కాయ విత్తనాల్లో మాంసకృత్తులు 25 గ్రాముల దాకా, అందులో ట్రిప్టోఫాన్ పావు గ్రాము దాకా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 4 మిల్లీగ్రాములు చాలు. 60 కిలోల మనిషికి 240 మిల్లీగ్రాములు. అంటే శెనక్కాయ ఒక్కటే తిన్నా వంద గ్రాములతో ఆ రోజు అవసరం తీరుతుంది. సంగటి, బేడలు, పెరుగు అన్నీ కలిసిన పళ్లెంలో ట్రిప్టోఫాన్‌కు కరువు సాధారణంగా రాదు. ఇది గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

ఈ శెనక్కాయ విత్తనాలతో చేసే ఊరిబిండి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. విత్తనాలు దోరగా వేయించి, అరచేతుల మధ్య నలిపి, చాటలో పొట్టు చెరిగెయ్యాలి. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, చింతపండు, ఉప్పు రోట్లో ముందు దంచుకుని విత్తనాలు ఆఖర్న వేయాలి. పలుకు పంటికి తగిలేలా ఉండగానే తీసెయ్యాలి. మిక్సీలో మెత్తగా తిప్పితే అది ఇడ్లీ చట్నీ అవుతుంది, ఊరిబిండి కాదు. ఆ పలుకుల్లో ట్రిప్టోఫాన్ విడిగా ఉండదు. పెద్ద మాంసకృత్తుల గొలుసుల్లో ఒక్కో కొక్కీలా ఇరుక్కుని ఉంటుంది. దాన్ని విడిపించే పని కడుపుది.

పేగు దగ్గర

కడుపులో ఆమ్లం గొలుసులను విప్పుతుంది. పెప్సిన్ కొంత కోస్తుంది. చిన్నపేగులోకి వచ్చాక క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ మిగతా కోత పూర్తిచేస్తాయి. విడివడ్డ ట్రిప్టోఫాన్ పేగు గోడ దాటుతుంది.

దాటుతుండగానే పేగు తన వాటా తీసుకుంటుంది. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగులోనే ఉంటుంది, అక్కడి కణాలే తయారు చేసుకుంటాయి. తిన్నది ముందుకు కదలడానికి, వాంతి, విరేచనం లాంటి పనులకు అది అక్కడ కావాలి. సెరటోనిన్ మొదట దొరికిందీ మెదడులో కాదు. 1930లలో ఇటలీలో విట్టోరియో ఎర్స్‌పామర్ పేగు పొరలో చూసి దానికి ఎంటరమిన్ అని పేరు పెట్టాడు. 1948లో అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ రక్తనాళాలను బిగించే పదార్థం కోసం వెతుకుతూ గడ్డకట్టిన నెత్తురు సీరంలోంచి వేరుచేసి సెరటోనిన్ అన్నారు. రెండూ ఒకటేనని తేలడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.

పేగులో తయారైన సెరటోనిన్ నెత్తురులోకి వస్తే రక్తఫలకికలు దాన్ని పీల్చి దాచుకుంటాయి, గాయమైన చోట వదులుతాయి. మెదడులోకి మాత్రం అది పోలేదు. మెదడు రక్తనాళాల గోడ దాన్ని లోనికి రానివ్వదు. అరటిపండులో సెరటోనిన్ ఉంటుందన్నది నిజమే. తాడిపత్రి, పుట్లూరు, నార్పల తోటల పండు గురించి కూడా ఆ మాట నిజమే. అయినా గెల మొత్తం తిన్నా అందులోని ఒక్క అణువు కూడా ఆ రూపంలో మెదడుకు చేరదు. మెదడుకు కావాల్సింది సెరటోనిన్ కాదు, ముడిసరుకు.

కాలేయం, జొన్నరొట్టె

పేగు దాటిన ట్రిప్టోఫాన్ మొదట చేరేది కాలేయానికి. అసలు తరుగు ఇక్కడ. కొత్త మాంసకృత్తులు కట్టడానికి పోగా మిగిలిన ట్రిప్టోఫాన్‌లో 90 శాతానికి పైగా కైన్యురెనిన్ అనే దారిలోకి మళ్లి కాలిపోతుంది. ఆ దారి చివర్లో కొద్దిగా నయాసిన్, అంటే బి3 విటమిన్, తయారవుతుంది. ఒక మిల్లీగ్రాము నయాసిన్‌కు సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఖర్చు. సెరటోనిన్‌కు మిగిలేది వందలో ఒకటి రెండు పాళ్లు. ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ కాలేయంలో ఈ దారిని ఇంకా వెడల్పు చేస్తుంది. జ్వరాలు, ఇన్‌ఫెక్షన్లు వచ్చినప్పుడు కాలేయం బయట కూడా ఇదే దారి తెరుచుకుంటుంది.

నయాసిన్ తగ్గితే వచ్చే జబ్బు పెల్లాగ్రా. మెడ చుట్టూ పట్టీ కట్టినట్టు చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. ఎండ తగిలే చేతులు, కాళ్లు కూడా అంతే. విరేచనాలు పట్టుకుంటాయి. మనసు చెదురుతుంది. చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం, ముదిరితే మతి తప్పడం. స్పెయిన్, ఇటలీ, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది మొక్కజొన్న తిని బతికే పేదల జబ్బు. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ, నయాసిన్ ఉన్నా ఒంటబట్టదు. అక్కడ లెక్క సరిపోయింది.

దక్కన్ పీఠభూమిలో సరిపోలేదు. ఇక్కడ పెల్లాగ్రా వచ్చింది జొన్న తినేవాళ్లకు. జొన్నలో ట్రిప్టోఫాన్ మరీ అంత తక్కువేం కాదు. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్, అంటే ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఈ చిక్కుముడి పట్టుకుంది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక జవాబు ప్రతిపాదించారు. జొన్నలో లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం మోతాదు మించి ఉందని, అది ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారయ్యే దారికి అడ్డుపడుతోందని వాళ్ల వాదం. ఈ వాదం మీద తర్వాత చాలాకాలం తర్జనభర్జనలు నడిచాయి. ఆ సంస్థవాళ్లు అక్కడితో ఆగలేదు. పెల్లాగ్రా రోగుల మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేశారు, 1970లలో వాళ్ల నెత్తురులో సెరటోనిన్ సంగతీ పరిశీలించారు. తిండికీ మనసుకీ మధ్య ఉన్న ఈ రసాయనపు దారిని మన జొన్నరొట్టె దగ్గర మొదలుపెట్టి వెతికినవాళ్లు వీళ్లు. పాఠ్యపుస్తకాల్లో వీళ్లకు దక్కిన చోటు చాలా తక్కువని నా ఫిర్యాదు.

శెనక్కాయ ఏడెనిమిది లక్షల హెక్టార్లకు పాకకముందు అనంతపురం చేలలో ఉన్నవి జొన్న, కొర్ర, సజ్జ, ఆరికలే. జొన్నరొట్టెలోకి పప్పో, ఊరిబిండో ఉన్న ఇంట్లో పెల్లాగ్రా భయం లేదు. ఒట్టి రొట్టె, ఉల్లిపాయతో కరువు నెలలు గడిపిన ఇళ్లలోనే ఆ భయం.

ఒకే తలుపు

కాలేయం దాటి మిగిలిన ట్రిప్టోఫాన్ నెత్తురులో ఎక్కువ భాగం అల్బుమిన్ అనే మాంసకృత్తును అంటిపెట్టుకుని తిరుగుతుంది. మెదడు రక్తనాళాల గోడలో దాన్ని లోపలికి చేరవేసే వాహకం ఒకటి ఉంది. చిక్కేమిటంటే ఆ వాహకం దానికొక్కదానికే కాదు. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్, ఫినైల్ అలనిన్, టైరోసిన్ అన్నీ అందులోనే ఎక్కాలి. పండగ ముందురోజు అనంతపురం బస్టాండులో కదిరి బస్సు ఆగితే ఉన్న ఒక్క తలుపు దగ్గర జరిగేదే ఇక్కడా జరుగుతుంది. బక్కమనిషి ఎక్కుతాడా లేదా అన్నది అతని బలాన్ని బట్టి కాదు, పక్కనున్న గుంపును బట్టి. తిండిలో వచ్చే మాంసకృత్తుల్లో ట్రిప్టోఫాన్ వాటా ఎప్పుడూ చిన్నదే. అందుకే మాంసకృత్తులు ఎక్కువ తింటే మెదడుకు ట్రిప్టోఫాన్ ఎక్కువ చేరుతుందన్న లెక్క తప్పుతుంది. దాంతోపాటు పోటీదారులూ పెరుగుతారు.

1970ల మొదట్లో అమెరికాలో ఎంఐటీ శాస్త్రవేత్తలు జాన్ ఫెర్న్‌స్ట్రామ్, రిచర్డ్ వుర్ట్‌మన్ దీన్ని తిరగేసి చూపించారు. ఎలుకలకు ఒట్టి పిండిపదార్థం పెడితే ఇన్సులిన్ ఊరింది. ఆ ఇన్సులిన్ లూసిన్ లాంటి వాటిని కండరాల్లోకి నెట్టేసింది. అల్బుమిన్‌ను పట్టుకుని ఉన్న ట్రిప్టోఫాన్ నెత్తురులోనే మిగిలింది. గుంపు పల్చబడి అది మెదడులోకి చేరింది, సెరటోనిన్ పెరిగింది.

అయితే సంగటి ముద్ద మింగితే కోపం దిగుతుందా? ఇక్కడే తిండి చిట్కాలవాళ్లు తొందరపడతారు. తిన్నదాంట్లో మాంసకృత్తులు 5 శాతం దాటినా ఈ లాభం చాలావరకు కొట్టుకుపోతుంది. రాగుల్లోనే 7 శాతం దాకా ఉన్నాయి. పైన ఊరిబిండి. మామూలు భోజనం మెదడులోని సెరటోనిన్‌ను ఎటూ పెద్దగా కదపదు. కదపకపోవడమే మంచిది. పూటపూటకూ స్వభావం మారే మనిషితో కాపురం ఎవరు చేస్తారు?

మెదడు కాండంలో

మెదడుకు సెరటోనిన్ అందించే నాడీకణాలు మెదడు కాండం నడిమి గీత వెంట రాఫే అనే గుంపుల్లో ఉంటాయి. మనిషి మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో ఇవి కొన్ని లక్షలు మాత్రమే. కానీ వీటి కొమ్మలు మెదడంతా పాకి ఉంటాయి. మెదడులో సెరటోనిన్ ఉందని 1953లో చెప్పింది బెట్టీ ట్వరాగ్ అనే యువ పరిశోధకురాలు. ఆల్చిప్ప జాతి జీవుల కండరంతో పని మొదలుపెట్టి, అదే పరీక్షను జంతువుల మెదడు మీద ప్రయోగించి చూసింది.

ఇక్కడ తయారీ రెండే మెట్లు. ట్రిప్టోఫాన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము ట్రిప్టోఫాన్‌కు ఆక్సిజన్, హైడ్రోజన్ జతను తగిలిస్తుంది. దానికి ఇనుము, ప్రాణవాయువు, టెట్రాహైడ్రోబయాప్టెరిన్ కావాలి. మొత్తం తయారీ వేగాన్ని నిర్ణయించే మెట్టు ఇదే. మెదడులో దీని రూపం వేరని, పేగులోని ఎంజైము అది కాదని 2003లో బెర్లిన్ పరిశోధకులు కనిపెట్టారు. రెండో మెట్టులో మరో ఎంజైము బి6 విటమిన్ సాయంతో ఒక కార్బన్ డయాక్సైడ్‌ను ఊడగొడుతుంది. అంతే, సెరటోనిన్. తయారైనదాన్ని నాడీకణాలు సన్నటి సంచుల్లోకి ఎక్కించి నాడీకొసల దగ్గర నిలవ ఉంచుతాయి. మొదటి ఎంజైము మామూలు రోజుల్లో సగం సామర్థ్యంతోనే నడుస్తుంది కాబట్టి ముడిసరుకు ఎంత కుమ్మరించినా తయారీ మహా అయితే రెట్టింపవుతుంది, అంతకు మించదు.

గెనిమ దగ్గర

ఇప్పుడు సరుకు వాడకం. ఇద్దరు దాయాదుల చేల మధ్య గెనిమ. పొద్దున్నే ఒకాయన చేతిలో పారతో వచ్చాడు. హద్దురాయి జరిగినట్టు అనిపించింది.

"ఏమప్పా, ఈ రాయి నిన్న ఈడ లేదే?"

"యాడుండేది ఆడే ఉంది. పోయి కండ్లు సూపిచ్చుకోన్నా."

ఆ రెండో మాట చెవిన పడ్డ క్షణంలో, అవతలి మొహంలోని వెటకారం కంట పడ్డ క్షణంలో, కణతల లోపల బాదంగింజంత ఉండే అమిగ్డలా మేలుకుంటుంది. సెకనులో చిన్న భాగం చాలు దానికి. హైపోథాలమస్‌కు కబురు వెళ్తుంది, అడ్రినలిన్ ఊరుతుంది, గుండె అదురుతుంది, పార మీద పిడికిలి బిగుస్తుంది. నుదుటి వెనకున్న మెదడు భాగం కాస్త ఆలస్యంగా రంగంలోకి దిగుతుంది. పార లేస్తే పోలీస్ స్టేషన్, వాయిదాలు, కొడుక్కి కుదరబోతున్న సంబంధం, అన్నీ దాని లెక్కలో ఉంటాయి. ఆ లెక్క అమిగ్డలాకు చేరి దాన్ని తగ్గించాలి. సెరటోనిన్ ఈ రెండు చోట్లా ఊరుతూ ఉంటుంది. దాన్ని అందుకునే గ్రాహకాలు 14 రకాలు. కొన్ని కణాన్ని చల్లబరుస్తాయి, కొన్ని రెచ్చగొడతాయి. అందుకే సెరటోనిన్ అంటే శాంతరసం అని చెప్పడం తప్పు. నుదుటి వెనకనుంచి వచ్చే లెక్క అమిగ్డలాకు సరిగ్గా అందేలా చూడడం దాని పనుల్లో ఒకటి అంటే సత్యానికి దగ్గర.

దీన్ని మనుషుల్లో చూడడానికి శాస్త్రవేత్తలు పైన చెప్పిన ఒకే తలుపు సంగతిని తెలివిగా వాడుకున్నారు. ట్రిప్టోఫాన్ తప్ప మిగతా అమైనో ఆమ్లాలన్నీ కలిపిన ద్రవం తాగిస్తే కొన్ని గంటల్లో నెత్తురులో ట్రిప్టోఫాన్ బాగా పడిపోతుంది, మిగిలిన కాస్తా పోటీలో ఓడుతుంది. కేంబ్రిడ్జిలో ఇలా తాగించి కోపపు ముఖాల బొమ్మలు చూపిస్తూ మెదడును స్కాన్ చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. సెరటోనిన్ తగ్గిన రోజున నుదుటి వెనక భాగానికీ అమిగ్డలాకూ మధ్య సంబంధం సడలింది.

అంతకుముందు 2008లో మోలీ క్రాకెట్ బృందం ఇదే ద్రవంతో చేసిన ప్రయోగం నాకు ఇంకా ఇష్టం. ఇద్దరి మధ్య డబ్బు పంపకం. ఒకడు వాటా చెబుతాడు, రెండోవాడు ఒప్పుకుంటే ఇద్దరికీ అందుతుంది, కాదంటే ఇద్దరికీ సున్నా. సెరటోనిన్ తగ్గినవాళ్లు అన్యాయపు వాటాలను ఎక్కువసార్లు కాదన్నారు. తమకొచ్చేది పోయినా సరే అవతలివాడికి దక్కకూడదన్నారు. దీన్ని నిగ్రహలోపం అనొచ్చు. పంట బీమా డబ్బు చాలీచాలకుండా వచ్చిన ఏడు అనంతపురం రైతును అడిగితే దానికి వేరే పేరు చెప్పొచ్చు. నిగ్రహం ప్రతిసారీ సుగుణమేనని రసాయనశాస్త్రం ఎక్కడా చెప్పలేదు.

తుడుపు

పని అయ్యాక సెరటోనిన్ అక్కడే ఉండిపోదు. వదిలిన నాడీకొసే దాన్ని మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులు పనిచేసేది ఈ పీల్చుడు మీదే. పీల్చుకున్నదాంట్లో కొంత తిరిగి సంచుల్లోకి పోతుంది, కొంతను మోనోఅమైన్ ఆక్సిడేజ్-ఎ అనే ఎంజైము విరగ్గొడుతుంది. మిగిలే వ్యర్థాన్ని పొట్టిగా 5-హెచ్‌ఐఏఏ అంటారు. అది వెన్నుద్రవంలోకి దిగుతుంది. కోపం మీద చాలా పరిశోధన నడిచింది ఈ వ్యర్థాన్ని కొలిచే.

1983లో మార్కు లినోయిలా బృందం ఫిన్లండులో హింసా నేరాలు చేసినవాళ్ల వెన్నుద్రవం పరీక్షించింది. ముందూ వెనకా చూడకుండా ఆవేశంలో చేసినవాళ్లలో 5-హెచ్‌ఐఏఏ తక్కువగా కనిపించింది. పథకం వేసుకుని చేసినవాళ్లలో అంత తక్కువ లేదు. రాయలసీమ గురించి మాట్లాడేవాళ్లు ఈ తేడా దగ్గర కాసేపు ఆగాలి. ఫ్యాక్షన్ హత్య గెనిమ దగ్గర లేచిన పార కాదు. రోజుల తరబడి కాపు కాయడం, బండ్లు మాట్లాడడం, మనుషుల్ని కుదుర్చుకోవడం, తర్వాత లొంగిపోయేదెవరో కూడా ముందే ఖాయం చేసుకోవడం. ఊరి మీద పెత్తనం, కాంట్రాక్టులు, ఎన్నికల లెక్కల్లోంచి పుట్టే పని అది. దానికి కావాల్సింది నిదానమే, ఆవేశం కాదు. జపాన్‌లో ఒకినావా పరిశోధకులు ఎలుకల మెదడులో రాఫే సెరటోనిన్ కణాలను కాంతితో ఉత్తేజపరిస్తే, తిండి కోసం అవి మామూలుకంటే ఎక్కువసేపు ఓపిగ్గా కాచుకున్నాయి. కాచుకోవడం ఎందుకోసం అన్నది సెరటోనిన్ నిర్ణయించదు. సీమ రక్తంలోనే కోపం ఉందనే మాటకు ఈ శాస్త్రంలో ఎక్కడా ఆసరా లేదు.

తక్కువైతే కోపం, ఎక్కువైతే శాంతం అన్న సూత్రం కూడా నిలవదు. 1993లో హాన్స్ బ్రన్నర్ బృందం ఒక డచ్ కుటుంబం గురించి రాసింది. ఆ ఇంటి మగవాళ్లలో కొందరికి పైన చెప్పిన తుడుపు ఎంజైమే లేదు. సెరటోనిన్ పేరుకుని వాళ్లు నెమ్మదస్తులు కావాలి. జరిగింది తలకిందులు. చిన్న మాటకే విరుచుకుపడడం, నిప్పు పెట్టడం వాళ్ల చరిత్రలో ఉన్నాయి. అదే ఎంజైము లేకుండా పుట్టించిన ఎలుకలూ కొట్లాటకు దిగాయి. పుట్టిన తొలిరోజుల్లో మితిమీరిన సెరటోనిన్ మెదడు అల్లికనే మార్చేస్తుందని వాటిని చూశాక అర్థమైంది. ఇక సముద్రపు లాబ్‌స్టర్‌కు సెరటోనిన్ ఎక్కిస్తే ఓడి వెనక్కి తగ్గినది కూడా మళ్లీ బలమైనదాని మీదికి పోతుంది.

మిడతలది ఇంకో తీరు. 2020 మేలో ఉత్తర భారతం మీద ఎడారి మిడతలు పడ్డాయని టీవీలు హోరెత్తిస్తున్న రోజుల్లోనే రాయదుర్గంలో జిల్లేడు చెట్ల మీద మిడతల గుంపు కనిపించి జనం హడలిపోయారు. వచ్చి చూసిన శాస్త్రవేత్తలు అవి ఎడారి మిడతలు కావని, జిల్లేడు తినే స్థానిక రకమని తేల్చారు. ఎడారి మిడత మామూలుగా ఒంటరి, తోటిదాన్ని చూస్తే తప్పుకుంటుంది. ఇరుకులో పడి వెనక కాళ్లు ఒకదానికొకటి రాసుకుంటే రెండు గంటల్లో దాని రొమ్ము భాగపు నాడీముడుల్లో సెరటోనిన్ ఎగబాకుతుంది, అది గుంపును వెతుక్కుంటూ పోతుంది. 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన ఫలితం ఇది. ఒకే అణువు. ఏ జీవిలో, ఏ చోట, ఏ వయసులో అన్నదాన్ని బట్టి దాని పని మారిపోతుంది.

మనుషుల్లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2013లో ఒక లెక్క కట్టారు. సెరటోనిన్ కొలతలకూ కోపానికీ మధ్య సంబంధం మైనస్ 0.12. ఉంది, కానీ చిన్నది. మనిషికీ మనిషికీ మధ్య కోపంలో ఉన్న తేడాలో ఇది వివరించేది వందలో ఒకటిన్నర పాలు కూడా కాదు. మిగతాదంతా పెంపకం, తాగుడు, నిద్ర, అప్పు, అవమానం, ఇంకా మనకు పేర్లు తెలిసినవీ తెలియనివీ. పదేపదే అదుపు తప్పే ఆవేశాన్ని జబ్బుగా గుర్తించి ఫ్లూఆక్సెటిన్ ఇచ్చి చూసిన అమెరికా ప్రయోగంలో విరుచుకుపడడం తగ్గింది, అయినా పూర్తిగా కుదుటపడ్డవాళ్లు సగం మంది కూడా లేరు. ఆ మందు పట్టు చిక్కడానికి వారాలు పడుతుంది. కుర్రవాళ్లలో మొదటి రోజుల్లో ఆందోళన పెరగొచ్చు కాబట్టి మానసిక వైద్యుల కంటికింద వాడాల్సిందే. పక్కింటాయన చీటీ చూపించి మెడికల్ షాపులో కొనే సరుకు కాదు.

ఆఖరి మెట్టు మూత్రం. వెన్నుద్రవంలోంచి నెత్తురులోకి, అక్కడినుంచి కిడ్నీల ద్వారా 5-హెచ్‌ఐఏఏ బయటికి పోతుంది. 24 గంటల మూత్రం పట్టి దాన్ని కొలిచే పరీక్ష ఒకటి ఉంది. అది సెరటోనిన్ విపరీతంగా ఊరే కార్సినాయిడ్ కణితిని పట్టుకోవడానికి. దానికి ముందు రెండు మూడు రోజులు అరటిపండు, అనాసపండు, టమాటా, వంకాయ, అక్రోటు మానమంటారు, లేకపోతే లెక్క తప్పుతుంది. అందులో కనిపించేదంతా దాదాపు పేగు సంగతే, మెదడు వాటా ఆ పెద్ద మొత్తంలో ఆనవాలు దొరకదు. నెత్తురులో సెరటోనిన్ కొలిచినా రక్తఫలకికల్లో దాచుకున్నదే తెలుస్తుంది. కాబట్టి నెత్తురో మూత్రమో తీసి మీ కోపం సంగతి చెబుతామనే ల్యాబు బోర్డు ఎక్కడైనా కనబడితే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి.